పట్టా, షాఫ్టు: శక్తి నడచిన రెండు దారులు

పాత కాలపు వాల్వు రేడియో వెనుక అట్టను విప్పి చూచిన వారికి లోపల ఒక చిన్న వింత కనబడియుండును. స్టేషను మార్చుటకు మనము ముందువైపున నాబును త్రిప్పుదుము. ఆ నాబు ఒక సన్నని ఇనుప ఇరుసునకు బిగింపబడి యుండును. ఆ ఇరుసునకు చుట్టిన నూలుత్రాడు ఒక పెద్ద చక్రము మీదుగా సాగి, చిన్న చిన్న కప్పీలను ఒరసికొనుచు, అద్దము వెనుకనున్న ముల్లును ఇటునుండి అటు జరుపును. ఇరుసు తిరిగినంతసేపు అనుమానము లేదు. కాని త్రాడు వదులైననాడు నాబు తిరుగుచునే యుండును, ముల్లు మాత్రము కదలదు. బిగియించిన ఇనుము ఒక రీతిని నమ్మకమైనది. వంగి సాగు త్రాడు మరియొక రీతిని ఉపయోగకరమైనది. ఈ రెండింటి తారతమ్యమే నేటి మా ప్రసంగమునకు విషయము.

ఒకచోట పుట్టిన శక్తిని మరియొక చోట జరుగవలసిన పనికి చేర్చుట ఎట్లు? ఎద్దు కాని, నీరు కాని, ఆవిరి కాని, విద్యుత్తు కాని, శక్తి ఏదైనను ఈ ప్రశ్న తప్పదు. దీనికి మానవుడు కనుగొన్న సమాధానములలో ముఖ్యమైనవి రెండు. రెండు చక్రములకు ఒక పట్టాను చుట్టి, ఒకటి తిరిగిన రెండవది తిరుగునట్లు చేయుట మొదటిది. నిటారైన ఇనుప కడ్డీకి కొనలయందు పళ్లచక్రములు అమర్చి తిన్నగా త్రిప్పుట రెండవది. మొదటిదానిని తెలంగాణపు గిర్నీలలో పట్టా యనియు, రెండవదానిని షాఫ్టు అనియు పిలుచుచున్నారు; మేమును ఆ మాటలనే వాడెదము. ఇది కేవలము మేస్త్రీలు మాటలాడుకొను విషయమని తోచవచ్చును. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల బ్రదుకును పరిశీలించిన కొలది, ఎవరు ఎవరివద్ద పని చేయవలెను, ఎవరి ఇంట యంత్రము నిలువవలెను, ఎవరి చేతికి ప్రమాదము కలుగును అను ప్రశ్నలు సైతము ఈ రెండు దారులతో ముడిపడియున్నవని మాకు తోచినది.

ఈ కథకు మొదలు ఆవిరి యంత్రములో లేదు. మన ఇంటి అరుగుమీదనే కలదు. రాట్నమును తలచుకొనుడు. పెద్ద చక్రమును చేతితో త్రిప్పగా, దానిమీది త్రాడు చిన్న కదురును చుట్టుకొని గిరగిర త్రిప్పును. చక్రము ఒక్కమారు తిరుగునంతలో కదురు పదులకొలది మారులు తిరుగును. ఇది అచ్చముగ పట్టా నడక. మన దేశమున రాట్నమును గూర్చిన స్పష్టమైన తొలి ప్రస్తావనలలో ఒకటి దక్కనుకే చెందినది. బహమనీ రాజ్యము ఏర్పడిన కొలది కాలమునకే, 1350 ప్రాంతమున, ఇసామీ అను కవి పారసీక భాషలో రచించిన ఫుతూహుస్సలాతీన్ అను చరిత్ర కావ్యమున రాట్నము పేరు వినవచ్చును.

అయితే ఆ ఇంటనే రెండవ దారియు కలదు. పత్తినుండి గింజను విడదీయుటకు మనవారు వాడిన చిన్న చేతియంత్రమున రెండు కొయ్య రోలర్లు ఒకదానిపై నొకటి ఆనుకొని యుండును. వాని కొనలయందు మరచుట్లు చెక్కబడి, ఒకదాని చుట్టు రెండవదాని చుట్టులో ఇమిడి యుండును. ఒక పిడిని త్రిప్పగా రెండును ఎదురెదురు దిశలలో, ఒకే వేగముతో తిరుగును. దూది ఆవలికి పోవును, గింజ ఈవల రాలును. ఈ మరచుట్ల యేర్పాటు భారతదేశమున పుట్టినదని శాస్త్రచరిత్రకారులు చెప్పుదురు. ఇక్కడ త్రాడును ఏల వాడలేదు? త్రాడు జారును. ఒక రోలరు ముందుకు, ఒకటి వెనుకకు పడినచో దూది నలిగి చుట్టుకొనిపోవును. కదురు విషయమున అట్టి భయము లేదు. అది ఒక చుట్టు తక్కువ తిరిగినను దారము తెగదు. పైగా నూలు బిగిసినపుడు త్రాడు కొంచెము జారుటయే మేలు. ఖచ్చితము కావలసినచోట పళ్లు, సర్దుబాటు కావలసినచోట త్రాడు అను నియమమును ఏ పాఠశాలలోను చదువని మన పల్లె వడ్రంగి ఆనాడే ఎరిగియుండెను. కోరుట్లకు సమీపమునగల మెట్‌పల్లి ఖాదీకి పేరుపొందిన ఊరు. గాంధీజీ ఎరవాడ చెరసాలలో నున్న దినములలో రూపొందిన పెట్టెరాట్నమున రెండు చక్రములు ఉండును. మొదటి చక్రము రెండవదానిని, రెండవది కదురును త్రాళ్లతో త్రిప్పును. అనగా పెద్ద చక్రము చేయు పనిని రెండంచెల పట్టా చిన్న పెట్టెలో ఇమిడ్చినది.

త్రాడు చక్రమును ఎట్లు పట్టుకొనును అనునది చాలకాలము అనుభవముతోనే తెలిసిన సంగతి. దానిని గణితమున నిలిపినవాడు పదునెనిమిదవ శతాబ్దికి చెందిన స్విట్జర్లాండు గణితవేత్త ఆయిలరు. గుంజకు చుట్టిన త్రాడు ఎంత బరువును ఆపగలదని ఆయన విచారించెను. చుట్టు పెరిగిన కొలది పట్టు కూడికలుగా గాక హెచ్చింపులుగా పెరుగునని ఆయన తేల్చెను. కట్టుకొయ్యకు పలుపును రెండు మూడు చుట్లు వేసి కోడెను నిలిపిన రైతు చేయునదియు ఇదియే. పట్టా పుల్లీని ఎంత మేర తాకుచున్నది, ఎంత బిగువుగా నున్నది, తోలునకును ఇనుమునకును నడుమ ఒరపిడి ఎంత అను మూడు సంగతులపై దాని బలము ఆధారపడి యుండును. ఇక వేగముల లెక్క మిక్కిలి సులభము. 24 అంగుళముల పుల్లీ నిమిషమునకు 200 చుట్లు తిరుగుచు 6 అంగుళముల పుల్లీని త్రిప్పినచో, చిన్నది 800 చుట్లు తిరుగును. పట్టాను తిన్నగా వేసిన రెండును ఒకే దిశలో తిరుగును. మెలివేసి వేసిన ఎదురు దిశలో తిరుగును. పుల్లీ నడుము కొంచెము ఉబ్బుగా నుండుటకును కారణము కలదు. పట్టా ఎల్లపుడు ఎత్తైన చోటికి ఎగబ్రాకును. కావున ఉబ్బు ఉన్నంతకాలము అది ప్రక్కకు జారిపడదు.

ఇక సముద్రము దాటి పోదము. 1785లో ఇంగ్లాండున ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గమునకు తొలి పేటెంటు పొందెను. అంతకుముందే అచట ఏటి నీటితో నడచు నూలు మిల్లులు వెలసినవి. ఒక్క నీటిచక్రము, అటు తరువాత ఒక్క ఆవిరి యంత్రము, నాలుగైదంతస్తుల భవనమునందలి వందలకొలది యంత్రములను నడుపవలెను. ఆంగ్లేయులు దీనికి షాఫ్టును నమ్ముకొనిరి. అడుగునుండి పై అంతస్తువరకు ఒక నిలువు షాఫ్టు, ప్రతి అంతస్తున పైకప్పు క్రింద దానినుండి చీలిపోవు అడ్డ షాఫ్టులు, కలియుచోట్ల పళ్లచక్రములు. తొలినాళ్ల పోత ఇనుప షాఫ్టులు బరువైనవి, మందగమనము గలవి. మాంచెస్టరునకు చెందిన విలియం ఫెయిర్‌బెయిర్న్ వానికి బదులు సన్నని సాగుడు ఇనుప షాఫ్టులను వేగముగా త్రిప్పి గొప్ప మార్పు తెచ్చెను.

అమెరికావారి దారి వేరు. అచట ఆ రోజులలో పళ్లచక్రములను నునుపుగా కోయగల నేర్పరులు తక్కువ. తోలు మాత్రము సమృద్ధి. 1828లో మసాచుసెట్స్ రాష్ట్రపు లోవెల్ పట్టణమున పాల్ మూడీ అను యంత్రశిల్పి ఆపిల్టన్ మిల్లునందు నిలువు షాఫ్టును తొలగించి, వెడల్పాటి తోలు పట్టాలతో శక్తిని అంతస్తులకు ఎక్కించెను. చప్పుడు తగ్గెను, వేగము పెరిగెను, ఖర్చును తగ్గెను. అటుపిమ్మట అమెరికా మిల్లులకు పట్టా వాడుకయైనది. ఇంగ్లాండు మిల్లులు మాత్రము చాలకాలము పళ్లచక్రములను విడువలేదు. నాటి ఇంజనీర్ల వాదములు నేటికిని వినదగినవి. పళ్లచక్రము జారదు, కాని ఒక్క పన్ను విరిగిన మిల్లంతయు నిలిచిపోవును. పట్టా జారును, సాగును, తెగును. కాని తెగిన పట్టాను గంటలో కుట్టుకొనవచ్చును. ఎవరి వాదమును తప్పు కాదు. తమ దేశమున ఏది చౌక, ఏ పనివాడు దొరకును అనుదానిని బట్టి ఎవరి తీర్పు వారిది.

మన ప్రాంతమున ఈ ఏర్పాటు పల్లెజనులకు చేరువైనది వడ్ల గిర్నీలవలన. జగిత్యాల, కోరుట్లలు వరి పండు సీమలు. 1963 జూలై 26న పోచంపాడువద్ద నెహ్రూ గోదావరి ప్రాజెక్టునకు శంకుస్థాపన చేసెను. అదియే నేటి శ్రీరాంసాగరము. దాని కాకతీయ కాలువ నీరు వచ్చిన పిమ్మట వరి మరింత విస్తరించినది. జగిత్యాల చెంతనున్న పొలాస వ్యవసాయ పరిశోధన స్థానమునుండి వెలువడిన జగిత్యాల సన్నాలు వంటి వంగడములు ఈ సీమ పేరును దూరదూరములకు తీసికొనిపోయినవి. పంట పెరిగిన చోట గిర్ని పెరుగక తప్పదు కదా.

పాత వడ్ల గిర్నీని చూచినవారికి ఆ దృశ్యము మరపురాదు. ఒక మూల ఆయిల్ ఇంజను, లేక పెద్ద మోటారు. దానినుండి పొడవైన పట్టా ఒకటి గోడ వెంబడి అమర్చిన షాఫ్టును త్రిప్పుచుండును. ఆ షాఫ్టుమీద వరుసగా పుల్లీలు. ఒక్కొక్క పుల్లీనుండి ఒక్కొక్క పట్టా దిగి, ఒకటి పొట్టు తీయు యంత్రమును, ఒకటి జల్లెడను, ఒకటి ధాన్యమును పైకెత్తు బొక్కెనల వరుసను నడుపును. అనగా గిర్నీలో పట్టాకును షాఫ్టునకును పోరు లేదు, పొత్తు కలదు. దూరమును కొనిపోవునది షాఫ్టు, పంచిపెట్టునది పట్టా. పట్టా జారినచో పనివాడు జిగురుమందు రాయును. సాగినచో కొంత కత్తిరించి తిరిగి కుట్టును. కాని ఈ పొత్తునకు ఒక గట్టి నిబంధన కలదు. ఇంజను ఒక్కటియే, దాని యజమానియు ఒక్కడే. ఇంజను ఆగిన అన్నియు ఆగును. ఒక్క యంత్రమే నడువవలసి యున్నను షాఫ్టంతయు తిరుగవలసినదే. శక్తిలో చాల భాగము షాఫ్టును దాని బేరింగులను త్రిప్పుటకే వ్యయమగును. కావున పెద్ద కప్పు, పెద్ద పెట్టుబడి, ఒక్కచోట గుమిగూడిన పనివారు అవసరమైరి. నూరేండ్లకు పైగా ప్రపంచమున మిల్లు అను సంస్థకు ఆకృతి నిచ్చినది ఈ షాఫ్టే యన్నను అతిశయోక్తి కాదు.

ఇప్పుడు సిరిసిల్లకు వత్తము. మానేరు ఒడ్డునగల ఈ పట్టణము 2016 అక్టోబరు 11 వరకు జగిత్యాల, కోరుట్లలతోపాటు కరీంనగర్ జిల్లాలోనిది. నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రము. చేతిమగ్గములపై బ్రతికిన ఇచటి పద్మశాలీలు పనిలేక షోలాపురమునకు, భీవండికి, బొంబాయికి, సూరతునకు వలసపోయిరి. అచట మరమగ్గము పని నేర్చిరి. తిరిగి వచ్చినవారు దానిని తమ వెంట తెచ్చుకొనిరి. ఇచటి జనులు మరమగ్గమును సాంచ యందురు. వీధి వెంట నడచుచుండగా ఇండ్లనుండియు షెడ్లనుండియు వినవచ్చు సాంచెల టకటక ధ్వనియే సిరిసిల్లకు గుర్తు.

ఆ సాంచ దగ్గరకు పోయి నిలిచి చూచినచో మన ప్రశ్నకు చక్కని సమాధానము దొరకును. మగ్గమున ముఖ్యమైన షాఫ్టులు రెండు. పైది వంపులుగల క్రాంకుషాఫ్టు. అది ఒక్కమారు తిరిగినప్పుడు పన్నెను మోయు దూలము ఒక్కమారు ముందుకు వచ్చి పేకను గట్టిగా కొట్టును. క్రిందిదానిని అడుగు షాఫ్టు అందురు. పైదాని చక్రమునకు ఉన్న పళ్లకు రెండింతల పళ్లు క్రిందిదానికి ఉండును. కావున పైది రెండుమారులు తిరిగిన క్రిందిది ఒక్కమారే తిరుగును. నాడెను కుడినుండి ఎడమకు ఒకమారు, ఎడమనుండి కుడికి ఒకమారు విసరునది ఈ క్రింది షాఫ్టే. సాదా నేతలో పడుగు పోగులను పైకి క్రిందికి విడదీయునదియు అదియే. మగ్గము నిమిషమునకు 150 పేకలు వేయుచున్న దనుకొందము. పైది 150 చుట్లు, క్రిందిది 75 చుట్లు తిరుగును. ఈ నిష్పత్తి వెంట్రుకవాసి తప్పినను పన్నె కొట్టువేళకు నాడె పడుగు నడుమ నుండును. పోగులు వందలుగా తెగిపోవును. ఇక్కడ పట్టాను పెట్టిన వాడెవడును లేడు. పళ్లచక్రములే శరణ్యము.

కాని ఆ మగ్గమునకే శక్తి నిచ్చు చోట చూడుడు. పాత పద్ధతి మగ్గమునకు ప్రక్కప్రక్కన రెండు పుల్లీలు ఉండును. ఒకటి షాఫ్టునకు బిగింపబడినది. రెండవది వదులుగా తిరుగునది. మీటను నెట్టగా పట్టా వదులు పుల్లీనుండి బిగి పుల్లీమీదికి జరుగును, మగ్గము నడచును. మీట వెనుకకు పడగా పట్టా వదులు పుల్లీమీదికి పోవును, మగ్గము ఆగును. నాడె దారితప్పి పడుగు నడుమ చిక్కినపుడు ఒక ఇనుప నాలుక అడ్డుపడి, మీటను విదలించి, పట్టాను ప్రక్కకు నెట్టివేయును. పట్టా తన జారెడు గుణముతో ఆ దెబ్బను మ్రింగివేయును, పడుగు దక్కును. ఇచట పళ్లచక్రమే యున్నచో మోటారు బలమంతయు చిక్కిన నాడె మీదనే పడును. ఇంజనీర్లు ఖండాంతరములలో వాదించుకొనిన విషయమును ఒక్క మగ్గము తన ఒంటిమీదనే పరిష్కరించుకొనినది. లయకు పళ్లు, లావాదేవికి పట్టా.

ఇక మిల్లు కప్పు క్రిందనుండి మగ్గము ఇంటిలోనికి ఎట్లు వచ్చినది? పందొమ్మిదవ శతాబ్ది చివర విద్యుత్ మోటారులు మిల్లులలో ప్రవేశించినవి. మొదట పెద్ద మోటారు ఒకటి ఆవిరి యంత్రమునకు బదులుగా పాత షాఫ్టునే త్రిప్పినది. క్రమముగా కొన్ని యంత్రములకు ఒకటి, తరువాత ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క చిన్న మోటారు వచ్చినవి. అంతటితో పైకప్పు క్రింది షాఫ్టు నిరుద్యోగియైనది. మోటారునుండి మగ్గమునకు జానెడు, మూరెడు పట్టా చాలును. మగ్గము పెట్టుటకు ఇక మిల్లు అక్కరలేదు. ఒక గది, ఒక తీగె ఉన్న చాలును. 1917లో అమెరికాలో జాన్ గేట్స్ రూపొందించిన రబ్బరు వి-పట్టా ఈ మార్పునకు చాల తోడ్పడినది. పుల్లీ గాడిలో ఆప్పువలె ఇరుకుకొని, ఇరుకు తావున సైతము అది గట్టి పట్టు నిచ్చును.

ఆ తీగె సిరిసిల్ల పల్లెలకు వచ్చిన విధము ప్రత్యేకముగ చెప్పదగినది. 1969లో కేంద్రప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించినది. దాని తోడ్పాటుతో దేశమున మొట్టమొదట నెలకొల్పిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో సిరిసిల్ల సంఘము ఒకటి. జనులు సెస్ అని పిలుచు ఆ సంఘము 1970లో పని మొదలిడినది. కరెంటును వాడుకొనువారే సభ్యులైన సంస్థ అది. ఆ మరుసటి సంవత్సరము, 1971లో, గోదావరి తీరమున రామగుండమువద్ద 62.5 మెగావాట్ల విద్యుత్ కేంద్రము పని ప్రారంభించినది. అది అర్ధశతాబ్దికి పైగా నడచి 2024లో మూతబడినది. బొగ్గు దగ్గర, తీగె దగ్గర, పని నేర్చిన చేతులు దగ్గర. ఇవన్నియు కలిసిన తావున సాంచెలు వందలు వేలుగా పెరుగుట ఆశ్చర్యము కాదు.

షాఫ్టు పోయి మోటారు వచ్చినంత మాత్రమున నేతగాడు స్వతంత్రుడైనాడా? ఈ ప్రశ్నను దాటవేయుట న్యాయము కాదు. సిరిసిల్లలో మూడు అంతస్తులు ఏర్పడినవి. నూలు కొని, బట్టను అమ్ముకొను యజమానులు పై అంతస్తు. కొన్ని సాంచెలు సొంతముగా పెట్టుకొని, యజమాని ఇచ్చు నూలును కూలికి నేయించు ఆసాములు నడిమి అంతస్తు. ఆసాముల షెడ్లలో ఒక్కడే పలు సాంచెలను చూచుకొనుచు రాత్రింబగళ్లు నిలువుకాళ్లపై పనిచేయు కార్మికులు అడుగు అంతస్తు. వీరికి తోడు కండెలు చుట్టు స్త్రీలు, భీములు నింపువారు, పోగులు అతుకు వైపనివారు కలరు. మగ్గము ఇంటికి వచ్చినది, మార్కెటు రాలేదు. నూలు ధర పెరిగిన దినమున, బట్ట అమ్ముడుపోని మాసమున ఆ బరువంతయు క్రింది అంతస్తుమీదికే దిగును. సంక్షోభ కాలములలో సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు దేశమంతటను కలవరము కలిగించినవి. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరెలను ఇచట నేయింప నారంభించినపుడు ఊరు ఊపిరి పీల్చుకొనుటకును కారణమిదియే. ఇంజను యజమాని చేతిలోని పట్టా తొలగినను, ఆర్డరు అను పట్టా తొలగలేదు. అది జారిననాడు మగ్గము ఎంత చక్కనిదైనను ఊరక నిలిచియుండును.

ప్రాణభయమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. పట్టా, షాఫ్టు రెండును మనిషిని చుట్టుకొనగలవు. జారిన కొంగు, విడిన జుట్టు, వ్రేలాడు కండువా చాలును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షనున కదలెడు భాగములకు గట్టి కంచె వేయవలెనని శాసించినది. తిరుగుచున్న యంత్రము దగ్గర పని చేయవలసి వచ్చినచో శిక్షణ పొందినవాడు బిగుతైన దుస్తులతోనే చేయవలెనని 22వ సెక్షను చెప్పినది. మంచి చట్టమే. కాని శక్తితో నడచుచోట పదిమంది పనివారైనను ఉన్నప్పుడే అది వర్తించెడిది. 2020 నాటి కోడు ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. మిల్లులో షాఫ్టు క్రింద వందమంది గుమిగూడినపుడు చట్టము వారిని చూడగలిగెను. ఒక్కొక్క షెడ్డులో నలుగురు, ఐదుగురుగా చెదరినపుడు అది వారిని చూడలేకపోయినది. చిన్న మోటారు తెచ్చిన స్వేచ్ఛకు ఇది చెల్లించిన మూల్యము. చట్టము చూడకున్నను పట్టాకు రేకుమూత వేయుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

పొలములలోను ఇదే కథ. వెనుకటి ట్రాక్టరులకు ప్రక్కన పుల్లీ ఉండెడిది. దానినుండి పొడవైన పట్టా వేసి దూరముగా నిలిపిన నూర్పిడి యంత్రమును నడిపెడివారు. ఇప్పుడు ట్రాక్టరు వెనుకనుండి వచ్చు షాఫ్టే యంత్రమును త్రిప్పుచున్నది. దాని వాడుక వేగము నిమిషమునకు 540 చుట్లు. అనగా సెకనునకు తొమ్మిది. చేయి వెనుకకు తీసికొందమను తలంపు కలుగులోపలనే పంచెకొస నాలుగుమారులు చుట్టుకొనియుండును. నూర్పిడి యంత్రముల ప్రమాదములు పెరుగుటచే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము చేసినది. షాఫ్టుమీది ప్లాస్టిక్ గొట్టము అలంకారము కాదనియు, అది పగిలిననాడే మార్చవలెననియు మా శ్రోతలలోని రైతు సోదరులకు మనవి.

రహదారిమీది బండ్లును ఈ వివాదమును దాటియే వచ్చినవి. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మోటారుబండిలో ఇంజను శక్తి మొదట పట్టామీదుగాను, పిదప గొలుసులమీదుగాను చక్రములకు చేరెను. 1898లో ఫ్రాన్సున లూయీ రెనో తన చిన్న బండికి తిన్నని షాఫ్టును అమర్చెను. తరువాతి కారులు చాలవరకు ఆ బాటనే పట్టినవి.

చివరగా, రేడియో శ్రోతలకు కుతూహలము కలిగించు సంగతి యొకటి. ఈ శతాబ్దాల వాదము నేడు చిన్న ఆటబండ్లలో జీవించియున్నది. రేడియో తరంగములతో వస్తువును దూరమునుండి నడుపవచ్చునని 1898లో న్యూయార్కున ఒక చిన్న పడవను నడిపి నికోలా టెస్లా చూపెను. ఎనుబది యేండ్ల తరువాత, 1979లో, జపానునందలి తమియా సంస్థ మట్టిదారులలో గంతులువేయు రేడియో బండ్లను అమ్మకమునకు తెచ్చెను. మూరెడు పొడవైనను లేని ఈ బండ్లకు ప్రపంచ స్థాయి పందెములు జరుగును. నాలుగు చక్రములకును శక్తి నందించు బండ్లు వచ్చినప్పుడు పాత ప్రశ్న మరల లేచినది. 1985 నాటి తమియా హాట్‌షాట్ బండి షాఫ్టును నమ్ముకొన్నది. అదే కాలమున క్యోషో వారి ఆప్టిమా గొలుసును నమ్ముకొన్నది. ఇంగ్లాండున షూమాకర్ సంస్థ కాట్ అను బండికి పళ్ల పట్టా వేసినది. 1987లో ఇంగ్లాండులోని రోమ్సీలో జరిగిన ప్రపంచ పోటీలో జపాను యువకుడు మసామి హిరోసాకా ఆ పట్టా బండితోనే గెలిచెను.

పళ్ల పట్టా యనగా ఏమి? 1940లలో కుట్టుమిషనులకై అమెరికాలో రూపొందిన రబ్బరు పట్టా అది. లోపలివైపు పళ్లుండుటచే అది జారదు. రబ్బరగుటచే చప్పుడు చేయదు. మగ్గము విడివిడిగా వాడిన రెండు గుణములును దానిలో ఒక్కటైనవి. ఆటబండిలో అది నునుపుగా, తేలికగా, శక్తిని ఎక్కువ పోగొట్టక నడచును. కాని పట్టాకును పుల్లీకిని నడుమ చిన్న రాయి పడినచో పళ్లు ఊడును. కాలము గడచిన సాగును. షాఫ్టు మూతలో భద్రముగ నుండును, దుమ్మునకు బురదకు వెరవదు. అయితే అది బండి పొడవున పరుండుటచే, మోటారు దానిని ఒక ప్రక్కకు త్రిప్పబోగా బండి దేహము ప్రతిగా రెండవ ప్రక్కకు ఒరగ జూచును. పట్టా బండిలో ఇరుసులన్నియు అడ్డముగా నుండుటచే అట్టి ఒరగుదల లేదు. మట్టిలో దూకు బరువైన ఇంధనపు బండ్లకు షాఫ్టును, నునుపైన బాటపై పరుగిడు తేలిక బండ్లకు పట్టాను పందెగాండ్రు ఎక్కువగా మెచ్చుకొనుచున్నారు. లోవెల్‌లోను మాంచెస్టరులోను పెద్దలు వాదించినదియే పిల్లలును వాదించుచున్నారు; తీర్పును అదియే. దారి యెట్టిది, భారమెంత, చెడిననాడు బాగుచేయువాడెవడు అని విచారించి ఎంచుకొనవలెను.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది మరియొకటి కలదు. పైకప్పు క్రింది ఇనుప షాఫ్టు మాయమైనదని చెప్పుకొంటిమి. నిజముగ మాయమైనదా? విద్యుత్ కేంద్రమునుండి సిరిసిల్ల గల్లీలోని షెడ్డువరకు సాగిన తీగెయే నేటి షాఫ్టు. అది తిరుగదు, కనబడదు. కాని అది ఆగిన క్షణమున వేల సాంచెలు ఒక్కమారుగ మౌనము వహించును. వెనుక ఒక్క ఇంజను ఆగిన ఒక్క మిల్లు ఆగెడిది. ఇప్పుడు ఊరంతయు ఒకే షాఫ్టుమీద నున్నది. ఆ కారణముచేతనే కరెంటు ధర పెరిగినదన్న మాట వినగానే సిరిసిల్లలో ప్రతి ఇల్లును లెక్కలు వేసికొనును. ఆ కారణముచేతనే 1970లో ఆ తీగెను సభ్యుల సంఘము చేతికి ఇచ్చుట మామూలు పరిపాలనా నిర్ణయము కాదు. షాఫ్టు కొనను నేతగాని చేతికి, రైతు చేతికి అందించిన కార్యము. ఆ కొనను వారు ఎంత జాగరూకతతో పట్టుకొందురో, తమ సంఘపు ఎన్నికలలోను లెక్కలలోను ఎంత శ్రద్ధ చూపుదురో, వారి సాంచెల నడక అంత నిలకడగ నుండును.